మా అమ్మాయి ఫ్యాషన్ డిజైనింగ్ అంటోంది, పంపమంటారా?

తెనాలి నుంచి ఒక అమ్మగారు రాశారు. వాళ్లమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, మార్కులు బాగానే వస్తున్నాయి. ఏడాదిగా ఫోన్లో డిజైనర్ల షోలు, పెళ్లి లెహంగాల రీల్స్ తప్ప ఇంకోటి చూడటం లేదట. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, ఫ్యాషన్ డిజైనింగే చేస్తానంటోంది. "ఆ ఫీల్డ్ మంచిదేనా? నిఫ్ట్‌లో (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ) సీటు రాకపోతే హైదరాబాద్‌లో ప్రైవేటు కాలేజీలో చేర్చొచ్చా? రెండింటికీ తేడా చెప్పండి. ఇంత చదివించి చివరికి దర్జీ పని చేయించాలా అని వాళ్ల నాన్నగారు రెండు వారాలుగా దానితో మాట్లాడటం లేదు" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఏటా ఇంటర్ పరీక్షల ముందు వస్తుంది. కాలేజీల తేడా అడిగారు, చెబుతాను. కానీ మీ అసలు బెంగ అంతా చివర్లో రాసిన ఆ "దర్జీ పని" అన్న మాటలో ఉంది. ముందు దాని సంగతి తేల్చుకుందాం.

మీ ఇంట్లో కిందటి పెళ్లికి మగ్గం వర్క్ బ్లౌజ్‌కి ఎంత పెట్టారు? ఐదు వేలా, పది వేలా? చంక దగ్గర పట్టేసిందని ఒకసారి, మెడ జారుతోందని ఇంకోసారి బొటిక్ చుట్టూ తిరిగే ఉంటారు. ఒంటికి అతికినట్టు కుట్టే మనిషి దొరికితే ఆ మాస్టర్‌ని మనం ఏళ్ల తరబడి వదలం. ఊరు మారినా జాకెట్లు అక్కడికే పంపిస్తాం. అంత విలువ ఇచ్చే పనిని, మన పిల్ల చేస్తానంటే మాత్రం "దర్జీ పని" అని తీసిపారేస్తాం. ఇది తప్పమ్మా. మీరు నొచ్చుకున్నా చెప్పక తప్పదు. పదిహేడేళ్ల పిల్లతో తండ్రి రెండు వారాలు మాట్లాడకపోవడం ఇంకా పెద్ద తప్పు. పరీక్షల ముందు ఆ పిల్ల ఎంత టెన్షన్ పడుతోందో ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి.

నా భయం వేరే ఉంది. ఆ పని చేతికి రాకుండానే డిజైనర్ అయిపోవచ్చని మీ అమ్మాయి అనుకుంటోందేమోనని.

రెండేళ్ల కిందట ఒకమ్మాయి నా దగ్గరికి స్కెచ్‌బుక్ తెచ్చింది. నలభై బొమ్మలు. అన్నీ లెహంగాలే, అన్నీ ముందువైపు నుంచి గీసినవే. చెయ్యి మంచిది, రంగులు కూడా ముచ్చటగా వేసింది. ఒక బొమ్మ చూపించి "ఈ బ్లౌజ్ వేసుకునేదెలా, హుక్స్ ఎక్కడున్నాయి?" అన్నాను. పేజీ వంక చూసి ఊరుకుంది. "టక్స్ ఎక్కడొస్తాయి?" అంటే తెలీదంది. లోపలికెళ్లి నా పాత జాకెట్ ఒకటి, చిన్న కత్తెర తెచ్చిచ్చి కుట్లన్నీ విప్పమన్నాను. గంటన్నర పట్టింది. ముందు ముక్కలు, వీపు, చేతులు, నడుం పట్టీ, హుక్స్ పట్టీ అన్నీ బల్ల మీద పరిచాం. ఆ పిల్ల చెయ్యి ముక్క ఒకటి తీసి సగానికి మడిచి చూసింది. రెండు వైపులా కలవలేదు. "మేడమ్, ఒకవైపు వంపు ఎక్కువుంది, ఇంకోవైపు తక్కువుంది. ఎందుకు?" అంది. మనిషి చెయ్యి ముందుకే ఎక్కువ కదులుతుంది, అందుకని ముందువైపు లోతుగా తీస్తారని చెప్పాను. నా మాట విని, తన చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించి చూసుకుంది. ఆ సాయంత్రమే వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి పంపించండి అని చెప్పాను. బొమ్మల పుస్తకం మాత్రమే చూసి ఉంటే చెప్పేదాన్ని కాదు.

ఇప్పుడు ఆ రీల్స్ సంగతి. నాకూ బట్టలంటే ప్రాణం. పెద్ద డిజైనర్ల కలెక్షన్ ఏదొచ్చినా వదలకుండా చూస్తాను, కాబట్టి కాస్త చనువుగానే మాట్లాడతాను. 2017లో అనుష్క శర్మ పెళ్లికి డిజైనర్ సబ్యసాచి లేత గులాబీ లెహంగా చేశారు. అది అందంగా ఉంది, కాదనను. ఆ తర్వాత మన వైపు పెళ్లిళ్లలో కూడా లేత గులాబీ, లేత ఆకుపచ్చ, వెలిసిన నీలం తప్ప ఇంకో రంగు కనపడటం తగ్గిపోయింది. కంచిపట్టు కూడా ఆ రంగుల్లోనే కావాలంటున్నారు. రిసెప్షన్ ఫోటోలు నాలుగు పక్కపక్కన పెడితే ఏ పెళ్లికూతురు ఏ ఇంటిదో చెప్పలేం. అదే జీలకర్ర బెల్లం పెట్టే వేళ మధుపర్కాలు చూడండి. తెల్లటి చీర, ఎర్రటి అంచు, అంతే. దాని పక్కన ఆ లేత రంగులన్నీ నాకు వెలవెలబోతాయి. పేరున్న డిజైనర్ చీర ఒకటి ఫోటోల్లో వచ్చిన కొన్నాళ్లకే కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో దాని కాపీ బజార్లోకి వచ్చేస్తోంది. ఈరోజు రీల్‌లో ఉన్నదాన్ని చూసి గీయడం నేర్చుకున్న పిల్ల, నాలుగేళ్ల తర్వాత డిగ్రీ చేత్తో పట్టుకుని బయటికొచ్చేసరికి ఆ రంగులు ఎవరికీ అక్కర్లేకపోవచ్చు. నా బెంగ అదే.

మీ అమ్మాయి మెచ్చుకునే వాళ్లు ఎలా పైకొచ్చారో తననే చదివి చెప్పమనండి. సబ్యసాచి 1999లో కోల్‌కతా నిఫ్ట్ నుంచి బయటికొచ్చారు. ఆదిత్య బిర్లా ఫ్యాషన్ వాళ్లు ఆయన బ్రాండ్‌లో 51 శాతం వాటాను 398 కోట్లకు తీసుకున్నది 2021లో. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా చాకిరీ ఉంది, అది రీల్స్‌లో కనపడదు. ఇంకో డిజైనర్ రాహుల్ మిశ్రా ముందు ఫిజిక్స్ చదివి, తర్వాత అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలో డిజైన్‌కి వెళ్లారు. 2014లో ఉన్ని బట్టల డిజైన్‌కి ఇచ్చే ఇంటర్నేషనల్ వూల్‌మార్క్ ప్రైజ్ గెలిచారు, 2020లో పారిస్ హోట్ కూచ్యూర్ వీక్‌లో, అంటే చేత్తో కుట్టే ఖరీదైన బట్టల షోల వారంలో, తన బట్టలు చూపించారు. ఈ రెండూ సాధించిన మొదటి భారతీయ డిజైనర్ ఆయనే. ఆ బట్టల మీది పనంతా చేతి ఎంబ్రాయిడరీ. మన హైదరాబాద్ గౌరాంగ్ షాకి డిజైన్ డిగ్రీ లేదు. మగ్గం మీదే బుటాలు నేసే జాందానీ నేతగాళ్లతో కూర్చుని పని నేర్చుకున్నారు. 'మహానటి' కాస్ట్యూమ్స్‌కి జాతీయ అవార్డు అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు. సబ్యసాచి, రాహుల్, గౌరాంగ్ మూడు దారుల్లో వచ్చారు. గుడ్డ తెలియకుండా వచ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఈ మాట పట్టుబట్టి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2025 జూన్‌లో మిలాన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా మగవాళ్ల షోలో మోడల్స్ వేసుకున్న చెప్పులు అచ్చం కొల్హాపురీలే. అక్కడ వాటిని లెదర్ శాండల్స్ అన్నారు తప్ప కొల్హాపూర్ పేరెత్తలేదు. మన దేశంలో గొడవయ్యాకే అది భారతీయ చేతివృత్తి నుంచి వచ్చిందని ఒప్పుకున్నారు. నాకు ఆ రోజు చాలా బాధేసింది. అంత పెద్ద కంపెనీలో ఆ చెప్పు ఏ ఊరిదో చెప్పగలిగి, ఆ పేరు రాయాల్సిందేనని పట్టుబట్టే మనిషి ఒక్కరుంటే బాగుండేది. మీ అమ్మాయి అలాంటి మనిషి కాగలదు. మీకు కూతవేటు దూరంలో మంగళగిరి ఉంది. ఇటు చీరాల, అటు పెడన. ఏ సెలవులోనైనా తీసుకెళ్లి మగ్గం గుంట పక్కన పూటంతా కూర్చోబెట్టారా? లేదు కదా. ఫోన్లో పారిస్ చూస్తోందని కోప్పడేముందు అది మీరు చేయాల్సిన పని.

డిజైన్ అంటే లెహంగా బొమ్మ అనుకునేవాళ్లకు నేను చింతకింది మల్లేశం గారి సంగతి చెబుతుంటాను. ఆలేరు దగ్గర నేత కుటుంబం. పోచంపల్లి చీరకి చిటికి కట్టే ముందు, అంటే రంగు అద్దడానికి నూలుకి ముడులు వేసే ముందు, దాన్ని ఆసు పోయాలి, మేకుల చుట్టూ పోగు తిప్పాలి. ఒక్క చీరకి చెయ్యి కొన్ని వేలసార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేశారు. పెద్ద చదువు చదువుకోలేదు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రం చీర మీద ఎక్కడా కనపడదు, కానీ ఆ చీర వెనక ఆడవాళ్ల భుజాలకు అదే దిక్కు. నా దృష్టిలో అంతకు మించిన డిజైనర్ లేడు.

సొంత లేబుల్, సినిమావాళ్లకి స్టైలిస్ట్, బొటిక్ అని పిల్లలు కలలు కంటారు. ఈ దారి మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థిని కోర్సు అవగానే విజయవాడలో బొటిక్ పెడతానంటే నేనే భేష్ అన్నాను. ఎనిమిది లక్షలు పెట్టారు. పనితనం బాగుంది. కానీ ఒక బ్లౌజ్‌కి గుడ్డ, లైనింగ్, పూసలు, వర్కర్ రోజు కూలి, షాపు అద్దె కలిపి ఎంతవుతుందో లెక్కేయడం రాలేదు. చుట్టాలకి తగ్గించి ఇవ్వడంతోనే సగం పోయింది. ఏడాదిన్నరకి మూసేశారు. ముందు రెండేళ్లు ఎక్కడైనా ఉద్యోగం చెయ్యమ్మా అని నేను చెప్పాల్సింది. ఇప్పుడా అమ్మాయి తిరుప్పూర్‌లో ఎగుమతుల కంపెనీలో మర్చండైజర్. ఆర్డరు తీసుకున్న దగ్గర్నుంచి పెట్టె ఓడ ఎక్కేదాకా లెక్క అంతా తన చేతిలోనే. హాయిగా ఉంది. మర్చండైజింగ్, ప్యాటర్న్ మేకింగ్ (కత్తిరించే ముక్కల కొలతలు కాగితం మీద గీయడం), క్వాలిటీ, సోర్సింగ్ (సరుకు సమకూర్చుకోవడం) అన్న మాటలు రీల్స్‌లో వినపడవు కానీ ఉద్యోగాలున్నది అక్కడే. బెంగళూరు, తిరుప్పూర్‌తో పాటు మన అచ్యుతాపురంలోనూ పెద్ద గార్మెంట్ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి.

ఎంపీసీ వృథా అవుతుందన్న దిగులు కూడా పెట్టుకోకండి. ప్యాటర్న్ వేయడమంటే జామెట్రీయే. ఒక సైజు నుంచి ఆరు సైజులు తీయాలంటే లెక్క తప్పకూడదు. నిఫ్ట్‌లో బీఎఫ్‌టెక్ అని లెక్కలు చదివిన పిల్లల కోసమే ఒక కోర్సుంది. బట్ట తయారీ, ఫ్యాక్టరీ నిర్వహణ వైపు వెళుతుంది. మీ వారికి ఆ పేరు చెప్పి చూడండి, కాస్త మెత్తబడతారు.

ఇక కాలేజీలు. పరీక్ష తేదీలు, సిలబస్ అమ్మాయికి మీకంటే బాగా తెలిసుంటాయి, వాటి జోలికి పోను. మాదాపూర్ నిఫ్ట్ 1995 నుంచి ఉంది, కేంద్ర జౌళి శాఖ కింద నడుస్తుంది, డిగ్రీకి పార్లమెంటు చట్టం బలం ఉంది. విద్యార్థుల్ని నేత ఊళ్లకు, చేతివృత్తుల వాళ్ల దగ్గరికి పంపి పని చూపిస్తారు. నేను దానివైపు మొగ్గేది ముఖ్యంగా అందుకే. ప్రభుత్వ సంస్థ కదా, ఫీజు తక్కువనుకోకండి. హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు పది లక్షలు దాటుతుంది. ప్రైవేటులో మంచివీ ఉన్నాయి. బ్రోషర్‌లో ర్యాంప్ షో ఫోటోలు, ఫారిన్ సర్టిఫికెట్ చూసి అడ్వాన్స్ కట్టేసి రాకండి. కుట్టు మిషన్ల గదికి తీసుకెళ్లమనండి. ఎంతమందికి ఎన్ని మిషన్లున్నాయో, వాటి మీద దుమ్ముందో నూనె ఉందో చూడండి. ప్యాటర్న్ చెప్పే సార్ ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చారా అని అడగండి. డిగ్రీ ఏ యూనివర్సిటీదో కాగితం మీద చూపించమనండి. మిషన్ల గది తర్వాత చూద్దురు, ముందు ఫీజు మాట్లాడదాం అన్నారంటే వచ్చేయండి.

ఈ ఏడు సీటు రాకపోయినా కొంపలేం మునగవు. ఈఏపీసెట్ కూడా రాయించండి. రెండు దరఖాస్తులూ నడవనివ్వండి. ఏదో ఒకటే తేల్చుకోమని ఇప్పుడే ఆ పిల్ల మెడ మీద కూర్చోకండి.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం మీ పాత జాకెట్ ఒకటి ఇచ్చి కుట్లు విప్పించండి. విప్పినదాన్ని మళ్లీ తన చేత్తోనే కుట్టమనండి. పాడైనా పర్వాలేదు. వాళ్ల నాన్నగారు ఆ గదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటే చాలు, ఏమీ మాట్లాడక్కర్లేదు. అయ్యాక నాకు ఫోటో తీసి పంపండి. పైవైపు వద్దు, జాకెట్ తిరగేసి లోపలి కుట్టు కనపడేలా తీయండి. అది చూసి నా మాట చెబుతాను.