బండి బాగోగులు: వేడెక్కితే ముల్లు పడిపోతున్నది

ప్రశ్న: అన్నా, నమస్తే. వేలంపాటలో పాత డీ-155 డోజర్ కొన్నం. చెరువు పూడిక తీసుడు, చేన్లు చదును చేసుడు, ఇవే మా పనులు. పొద్దున మంచిగనే నూకుతది. కొంచెం సేపైనంక ట్రాన్స్‌మిషన్ (గేరుపెట్టె) ఆయిల్ ప్రెషర్ దిగుతది, బ్లేడుకు మట్టి తగలంగనే ఇంజను మోగుతది గానీ ట్రాకులు కదలయి. ఒక మెకానిక్ గేజి పెట్టి చూసి ఆ ఆయిల్ పంపు పోయిందన్నడు. ఇంకొకాయన రిలీఫ్ వాల్వ్‌ల (ప్రెషర్ హద్దు దాటకుండ వదిలే వాల్వ్) స్ప్రింగ్‌కు షిమ్, అంటే సన్నటి రేకు బిళ్ల, వేస్తే సరిపోతదంటున్నడు. ఎవరి మాట వినాలె?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తమ్మీ, ఇప్పటికైతే ఇద్దరి మాటా పక్కకు పెట్టు. నాకు కావాల్సిన ఒక్క ముక్క నీ ఉత్తరంల లేదు. ప్రెషర్ అన్ని గేర్లల్ల పడుతున్నదా, ఒక్క గేర్లనేనా? అది తెలువకుండ పంపు విప్పమని నేను చెప్పలేను, చెప్పినోళ్లను నమ్మలేను.

ముందుగాల గేజి మార్చి చూడు. ఒక్క గేజి మాట మీద పంపు కొంటే పైసలు మునుగుతయి. ఆయిల్ మట్టం, మాన్యువల్ చెప్పిన తీరుగ, బండిని చదునైన జాగల నిలబెట్టి చూడు. చెరువు కట్ట వాలు మీద చూసిన మట్టానికి విలువ లేదు. కట్ట ఎక్కేటప్పుడే ప్రెషర్ పడుతున్నదంటే మట్టం తక్కువై, ఆయిల్ ఒక దిక్కుకు ఒరిగి పంపుకు గాలి అందుతుండొచ్చు. ఎక్కువ పోసినా తిప్పలే, లోపల చిలికి నురగ పడుతది. మన ఎండాకాలంల 45 డిగ్రీల ఎండకు, వేలంల వచ్చిన బండిల ఎవరో పోసిన పలుచటి ఆయిల్ ఉంటే అది ఇంకింత నీళ్లోలె అవుతది. ఏ ఆయిలో తెలువకపోతే దించేసి, మాన్యువల్‌ల చెప్పిన గ్రేడే పోయి.

దించిన ఆయిల్ కొంచెం గాజు సీసాల పట్టి రాత్రంత ఉంచు. తెల్లారి నురగ దిగిపోయి తేటగ ఉంటే గాలి కలిసింది. ఇంకా పాలోలె తెల్లగనే ఉంటే నీళ్లు కలిసినయి, ఆయిల్‌ను నీళ్లతోని చల్లార్చే కూలర్ చూడాలె. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బండి నడిపితే క్లచ్ ప్లేట్ల పైపూత ఊడొస్తది, అప్పుడు పంపు సంగతి మర్చిపోతవ్.

ఇగ అసలు సంగతికొస్తా. పంపు గుంజే దిక్కు, అంటే సంపు (ఆయిల్ నిలిచే అడుగు తొట్టి) నుంచి పంపు దాక ఉన్న పైపు, స్ట్రైనర్ (ఆయిల్ వడగట్టే జాలి). ఇక్కడ లీకుంటే బయటికి చుక్క కారకపోవచ్చు, గాలే లోపలికి పోతది. అందుకే మనోళ్లు దాన్ని పట్టించుకోరు. బండి వేడెక్కినంక ఇంజను సన్నగ నడుస్తుంటే, ఆ పైపు జాయింట్ల మీద, క్లాంపుల మీద, మందంగ గ్రీజు పూయి. ఒక్కో జాయింటు పూసి ఆగు. ఏ జాయింటు కాడ పంపు గీపెట్టుడు తగ్గి, గేజి ముల్లు వణుకుడు ఆగితే, ఓ-రింగ్ (జాయింటుల ఉండే రబ్బరు రింగు) అక్కడ పోయింది. నడుస్తున్న ఫ్యాను, షాఫ్టుల దగ్గర చేతులు పెట్టకు. పాత రబ్బరు పైపు మీద నుంచి చూస్తే కొత్తగనే కనవడతది గాని, లోపలి పొర ఊడి వేడికి మూసుకుపోతది. మార్చెయ్యి, బేరం ఆడకు. స్ట్రైనర్ డీజిల్‌ల కడిగి వెలుతురుకు పట్టి చూడు. పత్తి వేస్ట్‌తోని తుడిచేటోళ్లు ఇంకా ఉన్నరు, ఆ పోగులే మళ్ల జాలిని మూస్తయి.

అన్నీ సరిగుంటే అప్పుడు గేర్ల పరీక్ష. బ్లేడు దించి, బ్రేకులు పట్టించి, ముందట వెనుక మనుషులను దూరం పంపి, ఇంజను సన్నగ నడవంగ ఒక్కో గేరు వేసి ప్రెషర్ రాసుకో. ఫుల్ రేజ్‌ల బండిని ఆపి పెట్టి చూడకు, కన్వర్టర్ (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) ఆయిల్ మసిలిపోతది. ఈ బండికి మూడు ఫార్వర్డ్, మూడు రివర్స్. ఏ గేర్లున్నా రెండు క్లచ్‌లు పట్టుకుంటయి: ఒకటి దిశది, ఒకటి స్పీడుది. ఫార్వర్డ్ మూడింటిల పడి రివర్స్ మంచిగుంటే ఫార్వర్డ్ క్లచ్ సీల్ రింగులు. రెండో గేర్ల మాత్రమే, అటు ఇటు రెండు దిక్కులా పడితే రెండో స్పీడ్ క్లచ్. లెక్క అంతే.

అన్నిట్ల ఒక్క తీరుగ తక్కువ ఉండి, రేజ్ ఇస్తే కొంచెం లేస్తే, పంపు మీదనో రిలీఫ్ వాల్వ్ మీదనో అనుమానం పెట్టుకో. రేజ్ ఇస్తేనే ఇంకా పడి గుర్రుమంటే మళ్ల ఆ గుంజే దిక్కే. పంపు, వాల్వ్ రెండిట్ల ముందు రిలీఫ్ వాల్వే విప్పాలె, అది చవక. స్పూల్‌ను (వాల్వ్ లోపల జారే కడ్డీ) ఆయిల్‌తో తడిపి నిలువుగ పట్టుకుంటే తన బరువుకే జారాలె. ఎక్కడన్న తట్టుకుంటే మురికి లేదా గీత. స్ప్రింగ్ విరిగిందా, కుంగిందా చూడు. విప్పేటప్పుడే షిమ్‌లు ఎన్ని ఉన్నయో రాసి పెట్టుకో.

ఇప్పుడు ఆ షిమ్ ముచ్చట. స్ప్రింగ్ కుంగిందని చూసి, మాన్యువల్ అంకె దాక తెచ్చేటందుకు వేస్తే వేరు. కారణం తెలువకుండ వేస్తే లీకయ్యేది ఇంకింత లీకయితది, గేరు పడేటప్పుడు దబ్బున గుద్దుతది, కన్వర్టర్ వేడి ఎక్కుతది. రెండు రోజులు బండి నడుస్తది, మూడో రోజు క్లచ్ ప్లేట్లు కాలిన వాసనొస్తది. ఓనర్ మాత్రం ‘షిమ్ వేసినంక మంచిగైంది’ అనుకుంటనే ఉంటడు! ఇసొంటి బండ్లు మా షెడ్డుకు చానా వచ్చినయి. పంపు విప్పుడు అన్నిటికంటే ఆఖరుకు.

ప్రశ్న: డోజర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఫిల్టర్ మార్చినప్పుడు అందుల మెరుపు కనవడ్డది. ట్రాన్స్‌మిషన్ విప్పాల్నా?
– ఒక ఆపరేటర్, గోదావరిఖని

జవాబు: ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి తెల్ల గుడ్డ మీద పరుచు. అయస్కాంతం పెట్టు. సన్నటి బూడిద లాంటి పొడి ఐతే పాత బండికి మామూలే, మళ్ల ఫిల్టర్ మార్చేటప్పుడు పోల్చుకో. అయస్కాంతానికి అంటుకునే పెచ్చులుంటే గేరు, బేరింగు దిక్కు చూడు. అంటుకోని పసుపు మెరుపు ఐతే బుష్షులు, క్లచ్ ప్లేట్ల పూత. తెల్లటి అల్యూమినియం ఐతే కన్వర్టర్. నల్లటి రబ్బరు ముక్కలుంటే సీల్ ఒకటి తెగింది. పెచ్చు గోరుకు తగిలేటంత ఉంటే బండి ఆపెయ్యి, ఆ షిఫ్టు కూడ నడపకు.