పీఎస్‌పీలో మైక్రో ఎస్‌డీ అడాప్టర్: కార్డు కనబడీ కనబడక, కాపీ మధ్యలో ఆగిపోతుంటే

కావలి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. సెకండ్ హ్యాండ్‌లో పీఎస్‌పీ 3000, అంటే సోనీ వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్, తీసుకున్నారు. దాంతో వచ్చిన 4 జీబీ మెమరీ స్టిక్కు చాలక, మైక్రో ఎస్‌డీని మెమరీ స్టిక్కు స్లాటులో పట్టించే ఒక అడాప్టర్, 64 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు కొన్నారు. కార్డు ఒకసారి కనబడుతుంది, ఇంకోసారి కనబడదు. కనబడినప్పుడు ఏదన్నా ఎక్కిస్తే సగంలో ఆగిపోతుంది. అడాప్టర్ మార్చాలా, లేక స్లాటే పోయిందా అని అడిగారు.

ఈ రెండు లక్షణాలకూ కారణం ఒకటే అయ్యుండక్కర్లేదు. కనబడీ కనబడకపోవడం ఎక్కువగా కాంటాక్టుల తేడా. కాపీ నడుమలో ఆగిపోవడం మాత్రం చాలాసార్లు కార్డు నుంచే వస్తుంది. అందరూ ముందు అడాప్టర్‌నే తిట్టి ఇంకోటి ఆర్డర్ పెడతారు, అదీ అట్టాగే చేస్తుంది. కొత్తగా ఏదీ కొనకముందు స్లాటు, కార్డు, అడాప్టర్, ఈ మూడింటినీ విడివిడిగా పరీక్ష చెయ్యండి.

స్లాటుతో మొదలుపెట్టండి, అది తేలిక. పాత 4 జీబీ స్టిక్కు పెట్టి, అందులోని పాట నడుస్తుండగా కన్సోల్‌ను అటూ ఇటూ తిప్పండి, స్టిక్కు మూత మీద వేలితో మెల్లగా తట్టండి. పాట ఆగకపోతే స్లాటు బాగున్నట్టే. పాత స్టిక్కు కూడా మధ్యలో కనబడకుండా పోతుంటే ఈ కింద రాసిందేదీ అక్కరకు రాదు, ముందు స్లాటు పిన్నులు శుభ్రం చేయించాలి. ఈ పరీక్షకు ముందే పాత స్టిక్కులో ఉన్న పీఎస్‌పీ అనే ఫోల్డర్ మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ తీసి పెట్టుకోండి. మీ సేవ్‌లు అందులోనే ఉంటాయి.

తరవాత కార్డు. అసలు గొడవంతా ఇక్కడే. ఇప్పుడు దొరికే చవక కార్డుల్లో నకిలీలు చాలా ఉన్నాయి. లోపల 8 జీబీ మెమరీయే ఉంటుంది గానీ కార్డులోని కంట్రోలర్ చిప్ మాత్రం 64 అని చెబుతుంది. కంప్యూటరూ అదే నమ్ముతుంది, పీఎస్‌పీ కూడా అదే చూపిస్తుంది. మొదటి 8 జీబీ వరకూ అంతా సవ్యంగానే నడుస్తుంది. అది దాటాక రాసిన డేటా ఎక్కడా నిలవదు, లేదా మొదట్లో రాసినదాని మీదే పడుతుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి అది చెరిగిపోయి, నిన్నటిదాకా ఉన్న ఆటలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. అందుకని కాపీ ఎక్కడ ఆగుతోందో గమనించండి. ప్రతిసారీ ఇంచుమించు ఒకే జీబీ లెక్క దగ్గరే ఆగితే కార్డు నకిలీ. ఒకసారి అరగంటకు, ఒకసారి రెండు నిమిషాలకు, లెక్కాపత్రం లేకుండా ఆగితే అడాప్టర్ చిప్ మీదా, బ్యాటరీ మీదా అనుమానపడాలి.

తేల్చుకోవడానికి విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. లైనక్స్, మ్యాక్‌లకు ఎఫ్3 ఉంది. కార్డును అడాప్టర్ నుంచి తీసి మామూలు యూఎస్‌బీ కార్డు రీడర్లో పెట్టి, ఖాళీ కార్డు మీద, మొత్తం సైజుకు, రాసి సరిచూసే పరీక్ష నడపండి. కొంచెం జాగాకు మాత్రమే నడిపితే నకిలీ కార్డు కూడా పాసైపోతుంది. పీఎస్‌పీని కేబుల్‌తో కలిపి ఈ పరీక్ష చెయ్యొద్దు. సెకనుకు 5 ఎంబీ చొప్పున రాస్తే 64 జీబీకి రాయడానికే మూడున్నర గంటలు పడుతుంది, పైగా తప్పొస్తే అది కార్డుదో అడాప్టర్‌దో తేలదు. చివర్లో ఇంత డేటా పోయింది అని చూపిస్తే ఆ కార్డును ఫార్మాట్ చేసి బాగుచేద్దామని కూర్చోకండి, వాపసు ఇచ్చెయ్యండి. అన్నట్టు, 64 జీబీ కార్డు 59 జీబీ చిల్లరగా కనబడితే అది మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, యంత్రం 1024తో లెక్కేస్తుంది.

కార్డు మార్చాల్సి వస్తే వేగం కోసం డబ్బులు పోయొద్దు. యూ3, వీ30, ఏ2 అని ముద్రలున్న కార్డులు కెమెరాలకు, ఫోన్లకు పనికొస్తాయి గానీ పీఎస్‌పీ మెమరీ స్టిక్కు దారి అంత వేగం అందుకోలేదు. పేరున్న కంపెనీ క్లాస్ 10 కార్డు, 32 గానీ 64 గానీ, బిల్లుతో కొనండి. పీఎస్‌పీ ఆటలొచ్చే యూఎండీ డిస్కు నిండా నింపినా 1.8 జీబీయే. ఆ లెక్కన 32 జీబీయే చాలామందికి ఎక్కువ. 128 కూడా నడుస్తుంది, కాకపోతే కార్డు పెద్దదయ్యేకొద్దీ పాసైన అడాప్టర్లు తగ్గిపోతాయి.

ఇక అడాప్టర్. ఫోను కార్డుతో పాటు వచ్చే ఎస్‌డీ అడాప్టర్ లోపల వట్టి తీగలే, ఎందుకంటే మైక్రో ఎస్‌డీకీ ఎస్‌డీకీ పద్ధతి ఒకటే. పీఎస్‌పీలో పట్టే మెమరీ స్టిక్ ప్రో డ్యుయో మాత్రం సోనీ సొంత పద్ధతి. దానికి 10 కాంటాక్టులు, మైక్రో ఎస్‌డీకి 8. అందువల్ల ఈ అడాప్టర్‌లో ఒక చిప్ కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతుంటుంది. బయటి ప్లాస్టిక్ అన్నిటికీ ఒకేలా ఉంటుంది, తేడా అంతా ఆ చిప్‌లోనే. దాన్ని తేల్చాలంటే పరీక్షలో పాసైన ఇంకో చిన్న కార్డు, 4 గానీ 8 గానీ, అడాప్టర్‌లో పెట్టి చూడండి. చిన్నది గట్టిగా నడిచి 64 మాత్రం నడవకపోతే ఆ చిప్‌కు పెద్ద కార్డులు చాతకావు. చిన్నది కూడా ఎగిరిపోతుంటే అడాప్టర్ పారెయ్యండి.

అడాప్టర్ విషయంలో రెండు మోసాలు తెలిసుండాలి. ఒకటి, ఎం2 అడాప్టర్. పాత సోనీ ఎరిక్సన్ ఫోన్లలో, పీఎస్‌పీ గోలో వాడే మెమరీ స్టిక్ మైక్రో కోసం తయారైంది అది. చూడటానికి మన అడాప్టర్‌లాగే ఉంటుంది. ఎం2 కార్డు వెడల్పు 12.5 మిల్లీమీటర్లు, మైక్రో ఎస్‌డీది 11. కాబట్టి మన కార్డు అందులో వదులుగా దూరిపోతుంది, కానీ ఎప్పటికీ పని చెయ్యదు. కార్డు లోపల అటూ ఇటూ గలగలలాడుతుంటే ముందు దీన్నే అనుమానించండి. రెండోది, రెండు కార్డులు పట్టే అడాప్టర్. 32 పక్కన 32 పెడితే 64 అవుతుందని ఆశపెడుతుంది. అది డేటాను ముక్కలు చేసి రెండు కార్డుల మీదా పంచుతుంది. ఒక కార్డు పోతే రెండోదాంట్లో మిగిలేది ఏమీ లేదు, ఏ ఒక్కదాన్నీ విడిగా కంప్యూటర్‌లో చదవలేరు, స్థానాలు మార్చినా పోతుంది. నా మాట వింటే ఒకే కార్డు పట్టేదే తీసుకోండి.

నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ ఒంగోలులో గానీ సెల్లు షాపుల్లో మంచి మైక్రో ఎస్‌డీ దొరుకుతుంది, ఈ డ్యుయో అడాప్టర్ మాత్రం అడిగితే వింతగా చూస్తారు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో వెతకొచ్చు. కానీ దీని ఒక్కదానికోసం చెన్నై వెళ్ళే పినాకిని రైలు ఎక్కాల్సినంత వస్తువు కాదిది, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వాపసు గడువు లోపల పరీక్ష చేసుకోండి.

కార్డు మంచిదని తేలాక ఫార్మాట్. ఇది పీఎస్‌పీలోనే చెయ్యాలి. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ళ అమరిక పద్ధతిలో వస్తాయి, పీఎస్‌పీకి అది తెలియదు, దానికి ఫ్యాట్32 కావాలి. మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో చివరిదాకా నెట్టండి, అంచు బయటికి పొడుచుకు రాకూడదు. కన్సోల్ ఆపి, పాత స్టిక్కు ఏ వైపుగా ఉండిందో ఆ వైపుగానే అడాప్టర్‌ను పెట్టి టక్కుమనేదాకా నొక్కండి. ఛార్జర్ తగిలించి ఆన్ చెయ్యండి. సెట్టింగ్స్, సిస్టమ్ సెట్టింగ్స్, ఫార్మాట్ మెమరీ స్టిక్. నారింజ రంగు లైటు మినుకుమంటున్నంతసేపూ ఏదీ కదపొద్దు. అయ్యాక మెమరీ స్టిక్కు బొమ్మ మీద ట్రయాంగిల్ నొక్కి ఇన్ఫర్మేషన్‌లో ఖాళీ జాగా చూడండి.

పీఎస్‌పీ ఫార్మాట్ చెయ్యనని మొండికేస్తే ఒకసారి కంప్యూటర్‌లో ఫ్యాట్32 చేసి తెచ్చి, మళ్ళీ పీఎస్‌పీలో చెయ్యండి. విండోస్ మామూలు ఫార్మాట్ కిటికీలో 32 జీబీ దాటిన కార్డుకు ఫ్యాట్32 కనబడదు. అందుకు రూఫస్ గానీ, గుయ్‌ఫార్మాట్ గానీ వాడండి. పార్టిషన్ ఒక్కటే, ఎంబీఆర్ పద్ధతి, క్లస్టర్ సైజు 32 కేబీ. మీది 3000 మోడల్ కాబట్టి సాఫ్ట్‌వేర్ పాతదన్న బెంగ లేదు. ఎవరిదన్నా 1000 మోడల్ అయ్యుండి, ఎప్పుడూ అప్‌డేట్ చెయ్యకుండా ఉంటే మాత్రం ముందు పాత స్టిక్కుతోనే చివరి వెర్షన్ 6.61కు తెచ్చుకోవాలి. మరీ తొలి వెర్షన్లకు పెద్ద కార్డులు అర్థం కావు.

ఎక్కించే పని కార్డు రీడర్‌తో చేస్తే వేగం, పీఎస్‌పీ బ్యాటరీకి కూడా హాయి. ముందు ఒకసారి పీఎస్‌పీని యూఎస్‌బీ కనెక్షన్‌లో పెడితే ఫోల్డర్లు తనే తయారు చేసుకుంటుంది, ఆ తరవాత రీడర్‌కు మారండి. సేవ్‌డేటా, గేమ్ ఫోల్డర్లు రెండూ పీఎస్‌పీ అనే ఫోల్డర్ లోపల ఉండాలి. మ్యూజిక్, వీడియో, పిక్చర్ బయట. బ్యాకప్‌ను తిరిగి పెట్టేటప్పుడు గేమ్‌లో ఇంకో గేమ్, పీఎస్‌పీలో ఇంకో పీఎస్‌పీ పడకుండా చూసుకోండి. కరప్టెడ్ డేటా అని కనబడే బొమ్మల్లో చాలావాటికి కారణం ఇదే, లేకుంటే సగంలో తెగిన కాపీ. మ్యాక్‌లో కాపీ చేస్తే చుక్కతో మొదలయ్యే దాచిన (హిడెన్) ఫైళ్ళు కూడా ఎక్కి అవి కూడా కరప్టెడ్ అని కనబడతాయి, తీసెయ్యొచ్చు. కార్డు మొదట్లో మెమ్‌స్టిక్ అన్న పేరుతో సైజు లేని ఫైలు ఉంటే వైరస్ అని బెదరొద్దు, పీఎస్‌పీ పెట్టిందే. అసలు వైరస్ జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఉంటుంది. అక్కడి షార్ట్‌కట్ వైరస్ పీఎస్‌పీని ఏమీ చెయ్యలేదు గానీ ఫోల్డర్లను ఇంకో దాచిన ఫోల్డర్‌లోకి తోసేస్తుంది, ఆటలు పోయాయని మీరు మళ్ళీ ఫార్మాట్ కొడతారు.

రీడర్ లేక కేబుల్‌తోనే చేస్తే అది మినీ యూఎస్‌బీ, ఫోన్ల మైక్రో కాదు. పాత డిజిటల్ కెమెరాతో, పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుతో వచ్చిన కేబుల్ సరిపోతుంది. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుళ్ళలో డేటా తీగలు ఉండవు, వాటితో కంప్యూటర్‌కు ఏమీ కనబడదు. కంప్యూటర్‌లో ఎజెక్ట్ చేశాకనే పీఎస్‌పీలో వెనక్కి రండి. పాతబడ్డ బ్యాటరీ రాస్తున్న నడుమ పడిపోతే ఫైళ్ళ పట్టిక చెడుతుంది, కాబట్టి ఛార్జర్ ఉండాల్సిందే. బ్యాటరీ వెనక మూత పైకి ఉబ్బి కనబడితే మాత్రం ఈ పనులన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని తీసెయ్యండి.

మీ మొదటి ఫిర్యాదు, కనబడీ కనబడకపోవడం. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో కాంటాక్టుల మీద ఉప్పు తేమ పేరుకుంటుంది, కార్తీకం వానల్లో ఇంకా ఎక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిమీద తడిగా, కారకుండా తీసుకుని అడాప్టర్ పైనా కార్డు పైనా ఉన్న కాంటాక్టులు తుడవండి, ఆరనివ్వండి. స్లాటు లోపలికి పిన్నీసు, పుల్ల లాంటివి పోనివ్వొద్దు, స్ప్రింగు పిన్ను వంగిందంటే స్లాటు మార్చడమే. అదే అడాప్టర్‌ను పదేపదే తీసి పెట్టడం వల్ల కూడా కాంటాక్టులు పాడవుతాయి, ఒకసారి కుదిరాక అందులోనే ఉండనివ్వండి. డ్యుయో మందం 1.6 మిల్లీమీటర్లు. చవక అడాప్టర్లు కొన్ని ఇంతకంటే పలచన ఉండి ఆడుతుంటాయి. కాంటాక్టులు లేని వైపు సన్నటి క్యాప్టన్ టేపు (వేడికి తట్టుకునే టేపు) ఒక్క పొర అంటిస్తే బిగుస్తుంది. మామూలు సెల్లో టేపు వద్దు, రోహిణి కార్తెలో దాని జిగురు కరిగి స్లాటులోకి దిగుతుంది.

ఇవన్నీ చేసినా స్లీపు నుంచి లేపినప్పుడే కార్డు మాయమవుతుంటే అది చవక చిప్‌ల పాత జబ్బు. అలాంటప్పుడు స్లీపులో పెట్టకుండా, ఆట సేవ్ చేసి, పవర్ స్విచ్ మూడు సెకన్లకు పైగా పైకి పట్టి పూర్తిగా ఆపండి. పాటలకు సంబంధించి ఇంకొకటి: మ్యూజిక్ ఫోల్డర్‌లో ఒక్క వరస ఫోల్డర్లనే పీఎస్‌పీ చదువుతుంది, సినిమా పేరు ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ పెడితే ఆ పాటలు కనబడవు. దాని ఫాంటులో తెలుగు లేదు, ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి.