బ్యాగ్‌పైప్ కొనేముందు ఒక్కసారి ఇది చదువు

చిరంజీవి లాస్యకి, పెదనాన్న దీవెనలు.

అబర్డీన్ నుంచి నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి చూశాను. విసుగు లేకుండా ప్రాక్టీస్ చాంటర్ (తిత్తి లేని సాధన గొట్టం) పట్టుకుని కూర్చున్నావని, ఇక అసలు వాయిద్యం, తిత్తిలోకి గాలి ఊది వాయించే బ్యాగ్‌పైప్, కొనుక్కోవచ్చని మీ టీచరు అన్నారని చదివి పొంగిపోయాను. మన ఇంట్లో నా తరవాత దీన్ని భుజాన వేసుకునేది నువ్వే. కానీ ఫోటో కింద "చేతితో చేసింది, సరికొత్తది, 150 పౌండ్లు" అని చూశాక నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. డబ్బు ఇంకా కట్టలేదు కదా? కట్టకు.

"చేతితో చేసింది" అనే మాటకి పడిపోకు. చవక రకాలు కూడా చాలావరకు చేత్తోనే చేస్తారు. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో తరతరాలుగా ఇదే పని మీద బతికేవాళ్లున్నారు. వాళ్ల పనితనాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే అంత తక్కువ ధరకి అడిగితే ఏ పనివాడైనా సరిగ్గా ఆరని కర్రతో, తొందరలో చెయ్యక తప్పదు. బయటి రూపం అచ్చం దిగుతుంది, లోపలి రంధ్రం కొలత తప్పుతుంది. ఇక్కడ స్కాట్లాండ్‌లో మంచి తయారీదారు కర్రని కొంత తొలిచి, ఆరనిచ్చి, మళ్లీ తొలుస్తాడు. కొత్త బ్లాక్‌వుడ్ (నల్లటి గట్టి కర్ర) సెట్టు వెయ్యి పౌండ్లు దాటేది అందుకే.

ముందు కర్ర సంగతి. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ ఎక్కువగా టాంజానియా, మొజాంబిక్ నుంచి వస్తుంది. నీళ్లలో మునిగిపోయేంత బరువు. చేతిలోకి తీసుకోగానే ఆ బరువు తెలుస్తుంది. చవకవాటికి శీశం లాంటి తేలిక కర్ర వాడి నల్లరంగు పూస్తారు. డ్రోన్ (ఒకే శ్రుతి పలుకుతూ ఉండే గొట్టం) పైముక్క ఊడదీసి, అది దిగే సన్న కొస, అంటే పిన్ మీద చుట్టిన దారం కాస్త పక్కకి జరిపి చూడు. రంగు అంటని చోట గోధుమరంగు కర్ర బయటపడుతుంది.

తరవాత టార్చిలైటు. ప్రతి ముక్కకీ ఒక చివర లైటు పెట్టి రెండో చివర నుంచి చూడు. లోపల నున్నగా మెరుస్తూ, రంధ్రం సరిగ్గా మధ్యలో ఉండాలి. గరుకు గీతలున్నా, రంధ్రం ఓ పక్కకి ఒరిగినా అక్కడే వదిలేసి వచ్చెయ్. బయట చెక్కిన సన్నగీతల వరసలు కూడా వేలితో తడిమి చూడు. మంచివాటిలో అంచులు పదునుగా తగులుతాయి, నాసిరకంలో అరిగిపోయినట్టు మొద్దుగా ఉంటాయి. లోహపు పట్టీలు వేలితో తిప్పితే తిరగకూడదు.

ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్పాలి. వాడు నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

చదువుకోవడానికి గ్లాస్గో వచ్చి నా దగ్గరే ఉన్న రోజుల్లో నన్ను చూసి వాడూ ప్రాక్టీస్ చాంటర్ పట్టాడు. వాడి వేళ్లు నాకంటే చురుకు. నేను తంటాలు పడే గ్రేస్ నోట్లు (స్వరాల మధ్య మెరుపులా వచ్చే చిన్న స్వరాలు) వాడికి ఆటలా వచ్చేసేవి. నేను ఊళ్లో లేనప్పుడు, పార్ట్‌టైమ్ ఉద్యోగంలో దాచుకున్న డబ్బంతా పెట్టి ఒక సెట్టు కొనేశాడు. ఎర్ర టార్టన్ (స్కాటిష్ గళ్ల బట్ట) తొడుగు, తళతళలాడే పట్టీలు, పెట్టె, పుస్తకం, అన్నీ కలిపి ఒకే ధర. వచ్చేసరికి సోఫా మీద పెట్టి చూపించాడు. ఆ ముఖంలో ఎంత సంతోషమో!

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఎంత ఊదినా తిత్తి నిండేది కాదు. నిండితే డ్రోన్లు గుర్రుమనేవి, రాగం పలికించే చాంటర్ గొట్టం కీచుమనేది. తొమ్మిది స్వరాల్లో అన్నిటికంటే పైదైన ఎ అసలు పలికేది కాదు. పళ్ల బిగువున ఊదీ ఊదీ కళ్లు తిరిగి కూలబడేవాడు. చిన్నప్పుడు వాడికి ఉబ్బసం ఉండేది. మా అమ్మ రాత్రుళ్లు వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ వీపు రాసేది. ఆ భయమే మళ్లీ మనసులోకి వచ్చింది. "అన్నయ్యా, నా ఊపిరితిత్తులకి ఇది పనికిరాదు" అన్నాడు. ఎవరికైనా చూపిద్దామంటే సిగ్గుపడ్డాడు. దాన్ని మంచం కిందకి తోసేసి, మళ్లీ చాంటర్ కూడా ముట్టుకోలేదు.

వాడు ఇండియా వెళ్లిపోయాక మా బ్యాండ్‌ని నడిపే పైప్ మేజర్‌కి చూపించాను. ఆయన స్టాకులకి (గొట్టాలు బిగించడానికి తిత్తికి కట్టిన మూతులకి) బిరడాలు బిగించి తిత్తిలోకి ఊదాడు. ముడులన్నింటి దగ్గరా గాలి పోతోంది. చాంటర్ పైన రీడ్ (గాలికి అదిరి ధ్వని పుట్టించే సన్న ముక్క) కూర్చునే చోటు వంకరగా ఉంది, మామూలు రీడ్ అందులో సరిగ్గా దిగదు. "దీన్ని ఎవరూ వాయించలేరు" అన్నాడు. ఆ మాట ఫోన్లో చెబితే మీ నాన్న నవ్వేసి, "పోనీలే అన్నయ్యా, నాకు ఊపిరి లేదు" అన్నాడు. ఇప్పటికీ అదే నమ్మకం. డబ్బు పోతే పోయింది తల్లీ, వాడికి తన మీద తనకున్న నమ్మకం పోయింది. నీకు అది జరగకూడదు. ఎప్పుడైనా ఊపిరి సరిపోవట్లేదని అనిపిస్తే ముందు వాయిద్యాన్ని అనుమానించు, ఆ తరవాతే నిన్ను.

అందుకే వాయించి చూడకుండా దేన్నీ కొనొద్దు. నీకు అలవాటైన తేలిక రీడ్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లు. టెనర్ డ్రోన్లు (పొట్టివి) రెండూ ఒకదానితో ఒకటి కలవాలి, బేస్ (పొడుగుది) వాటికి ఆక్టేవ్, అంటే ఒక స్థాయి కింద కలవాలి. పైముక్క మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట శ్రుతి కుదిరి కదలకుండా నిలబడాలి. గెంతుతూ ఉంటే వద్దు. చాంటర్ మీద ఒకటి రెండు రంధ్రాలకి టేపు అతికించి ఉంటే కంగారు పడకు, మంచి వాయిద్యాలకీ అతికిస్తారు.

తయారీదారు ముద్ర చూసి మురిసిపోవద్దు, లేదని కొట్టిపారెయ్యొద్దు. పాత తయారీదారులు చాలామంది చాంటర్ మీదే ముద్ర వేసేవారు. చాంటర్ మార్చేస్తే డ్రోన్లు ఎవరివో చెప్పేవాళ్లుండరు. పాత సెట్టు దొరికి, అందులో ఏనుగు దంతపు పట్టీలు ఉంటే బ్రిటన్ 2018 దంతం చట్టం వర్తిస్తుంది. 1975కి ముందు చేసినదై, దంతం 20 శాతం కంటే తక్కువ ఉండి, రిజిస్టర్ అయితేనే అమ్మొచ్చు. ఆ కాగితం చూపించమని అడుగు. బ్లాక్‌వుడ్ కొనే స్తోమత లేకపోతే నాణ్యమైన ప్లాస్టిక్ సెట్టు కొనుక్కో. పాలీపెంకో అంటారు. అది నకలు కాదు, అబర్డీన్ చలికి పగలదు కూడా. కొత్త కర్ర సెట్టయితే మొదటి వారాల్లో రోజుకి పది పదిహేను నిమిషాలు మించి వాయించకు, వాయించాక లోపలి తడి తుడువు. పగులు ఇస్తే కన్నీళ్లే.

మీ టీచర్ని వెంటబెట్టుకుని వెళ్లు, ఒంటరిగా వెళ్లకు. ఆ ఫోటోల వాళ్లకి వద్దని ఇవాళే చెప్పెయ్. తక్కువ పడితే నన్ను అడుగు, మొహమాటపడకు, పంపిస్తాను. ఆదివారం ఫోన్ చేసి ఏం చూశావో చెప్పు. అన్నట్టు, మీ నాన్నకి ముందే చెప్పకు. కొన్నాక నువ్వే వాయించి వినిపించు, వాడి చేతికీ ఇచ్చి ఒకసారి ఊదమను.

మీ పెదనాన్న