మొదటి సెమిస్టర్ అయ్యాక: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చి. చిట్టికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

పరీక్షలు ముగించుకుని ఖమ్మం చేరావని అమ్మ చెప్పింది. మొన్న ఫోన్‌లో "సెమిస్టర్ ఎలా అయిపోయిందో తెలియనే లేదు పెద్దమ్మా" అన్నావు. చాలా ఏళ్లు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చెప్పాను. ఈ మాట ఏటా ఎవరో ఒకరి నోట వింటూనే ఉండేదాన్ని. అందుకే చెబుతున్నాను, రిజల్ట్ రాకముందే ఒక పూట కూర్చుని గడిచిన సెమిస్టర్‌ని తిరిగి చూసుకో. రిజల్ట్ వచ్చాక అది సరిగ్గా కనబడదు. మంచి గ్రేడ్ వస్తే అంతా బాగానే చదివాననిపిస్తుంది, తక్కువొస్తే నాకు చదువే రాదనిపిస్తుంది. ఆ రెండు మాటలూ నమ్మదగ్గవి కావు.

ఎలా చూసుకోవాలి అంటావా? నీ నోట్‌బుక్కులన్నీ ముందేసుకో. ఒక్కో సబ్జెక్టు మొదటి పేజీ నుంచి తిప్పుతూ వెళ్లు. ఎక్కడో ఒక చోట నీ రాత పలచబడుతుంది. సగం రాసిన లెక్క, ఖాళీగా వదిలేసిన బొమ్మ, ఆ తర్వాత నాలుగు తెల్ల పేజీలు. అక్కడి నుంచి క్లాసు గ్రూపులో ఎవరో పెట్టిన పీడీఎఫ్‌ల మీదే చదువు నడిచి ఉంటుంది. ఆ పేజీ మీద తేదీ వేసుకో. ఆ వారంలో ఏమైందో గుర్తు చేసుకో. జ్వరమొచ్చిందా, బతుకమ్మకు ఇంటికొచ్చి ఇంకో రెండు రోజులు ఉండిపోయావా, మిడ్స్ (సెమిస్టర్ మధ్య పరీక్షలు) అయ్యాయి కదా అని వదిలేశావా, లేక క్లాసులో కూర్చున్నా ఆ పాఠమే అర్థం కాలేదా? "కెమిస్ట్రీ నాకు రాదు మేడమ్" అని వచ్చిన పిల్లల్లో చాలామందికి సబ్జెక్టంతా రాకపోవడం కాదు, ఒక చోట దారం తెగింది. తెగిన చోటు తెలిస్తే పట్టుకోవడం అంత కష్టం కాదు.

ఎం వన్, అదే మీ మొదటి సెమిస్టర్ లెక్కల పేపర్, దాని విషయం మాత్రం నేను గట్టిగా చెప్పాలి. మాట్రిక్సులు, ఐగన్ విలువలు బాగానే చేసి ఉంటావు, మొదటి మిడ్‌కి అందరూ చదివేది అవే. పార్షియల్ డిఫరెన్షియేషన్, డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్ ఉన్న చివరి రెండు యూనిట్లు చూడు. ఐదో యూనిట్‌ని చాలామంది పూర్తిగా వదిలేస్తారు. మీ బ్యాచ్‌కి ఉన్న ఆర్22 రెగ్యులేషన్‌లో, అంటే జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన నిబంధనల్లో, ప్రతి యూనిట్ నుంచి రెండు ఒక మార్కు ప్రశ్నలు, ఒక పది మార్కుల ప్రశ్న వస్తాయి. ఛాయిస్ ఉన్నా ఆ యూనిట్ లోపలే. అంటే ఒక యూనిట్ వదిలితే 60లో 12 పోయినట్టే. మార్కుల సంగతి అలా ఉంచు. వచ్చే సెమిస్టర్‌లో వెక్టర్ ఇంటిగ్రేషన్ ఉంది. గ్రీన్, స్టోక్స్, గాస్ సిద్ధాంతాలన్నీ ఈ డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్ మీదే నిలబడతాయి. ఇప్పుడు వదిలేసింది ఏప్రిల్‌లోనో మేలోనో మళ్లీ ఎదురొస్తుంది. సీ ప్రోగ్రామింగ్‌లో పాయింటర్స్ కూడా అంతే. అవి రాకుండా రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్‌లో లింక్డ్ లిస్ట్ దగ్గర కూర్చుంటే కన్నీళ్లొస్తాయి. సెలవుల్లో అన్నీ చదవక్కర్లేదు, ఈ రెండూ చూడు చాలు.

ఇంకో సంగతి. ఇంటర్ రెండేళ్లూ నీ రోజును వేరేవాళ్లు నడిపారు. తెల్లవారకముందే లేపారు, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టారు, వారం వారం టెస్టు పెట్టారు, తగ్గితే నాన్నకు ఫోన్ చేశారు. ఇక్కడ ఇంజనీరింగ్‌లో నాలుగింటికి క్లాసు అయిపోయాక నిన్నెవరూ అడగలేదు. ఇంటర్‌లో అంత చదివిన పిల్ల ఇక్కడ చదవలేకపోతే అది సోమరితనం అని నేను అనుకోను. తన రోజును తానే నడుపుకోవడం నీకు ఎవరూ నేర్పలేదు, అంతే. దాన్ని నేర్చుకోవడానికి ఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఒకసారి తీసి చూడు. సిగ్గుపడడానికి కాదు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఏ రోజు ఎలా గడిచిందో తెలుసుకోవడానికి. ఆ నాలుగు గంటల్లో ఒకటిన్నర గంట నీ చేతిలోకి వస్తే నాకు చాలు. మిగతాది స్నేహితులతో ఉండు, పడుకో, నీ ఇష్టం. రాత్రి రెండింటి దాకా మేలుకోవడం మాత్రం మానుకో. పొద్దున మొదటి పీరియడ్ పోయేది దానివల్లే. అటెండెన్స్ 75 శాతం దగ్గర ఊగిసలాడే పిల్లల బాధ నాకు బాగా తెలుసు. 65 కంటే కిందికి దిగిందంటే మెడికల్ సర్టిఫికెట్ తెచ్చినా ఎవరూ ఏమీ చేయలేరు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివావు. క్లాసులో లేచి డౌట్ అడగాలంటే ఇంగ్లిష్‌లో వాక్యం తయారు చేసుకునేలోపు సార్ తర్వాతి లెక్కకు వెళ్లిపోతారని చెప్పావు. ఈ సెమిస్టర్‌లో ఎన్ని డౌట్లు అలా లోపలే ఉండిపోయాయో ఆలోచించు. తల్లీ, తెలుగులో అడుగు. క్లాసులో ఇబ్బందిగా ఉంటే పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూమ్‌కి వెళ్లి అడుగు. మా స్టాఫ్ రూమ్‌కి పుస్తకం పట్టుకుని వచ్చిన పిల్లను ఇంగ్లిష్ రాదని ఎవరూ తక్కువగా చూడలేదు. పైగా ఆ పిల్ల పేరే మాకు గుర్తుండేది. ఇంగ్లిష్ దానంతటదే వస్తుంది, డౌట్ మాత్రం ఆగదు.

గ్రేడ్ల లెక్క కూడా ఒకసారి చూసుకో. ఈ సెమిస్టర్ మొత్తం 20 క్రెడిట్లు. ఎం వన్‌కి 4, ల్యాబ్ ఒక్కోటి 1. ల్యాబ్‌లో ఎ ప్లస్ నుంచి ఓ గ్రేడ్‌కి వెళితే ఎస్‌జీపీఏలో, అంటే సెమిస్టర్ మొత్తం గ్రేడ్ల సగటులో, పెరిగేది 0.05. ఎం వన్‌లో బి నుంచి ఎకి వెళితే 0.4. రికార్డులకు రంగు పెన్నులతో హెడ్డింగులు పెడుతూ గడిపిన రాత్రులు గుర్తున్నాయా? రికార్డు రాయాలి, కాదనను. కానీ దాని వాటా అంతే.

ఒకవేళ ఏదైనా సబ్జెక్టు పోతే, పోతుందని కాదు, ఎందుకైనా మంచిదని చెబుతున్నాను, ఆ మాట నాన్నకు నువ్వే చెప్పు. ఆయన వేరేవాళ్ల దగ్గర వింటే ఎక్కువ బాధపడతాడు. ఎక్స్‌టర్నల్‌లో 60కి 21, ఇంటర్నల్‌తో కలిపి 100కి 40 రావాలి కదా, ఒకటి రెండు మార్కుల్లో పోయిందనుకుంటే రీవాల్యుయేషన్‌కి కట్టు. పేపర్ సరిగ్గా రాయలేదని నీకే తెలిస్తే ఆ డబ్బు దండగ, నేరుగా సప్లీకి (సప్లిమెంటరీ పరీక్షకి) చదువు. మొదటి సెమిస్టర్‌లో ఒక బ్యాక్‌లాగ్ (పాస్ కాకుండా మిగిలిన సబ్జెక్టు) ఉండి, తర్వాత మంచి ఉద్యోగాల్లో స్థిరపడిన పిల్లలు నాకు చాలామందే తెలుసు. దాచుకుని నాలుగో ఏడాది దాకా మోసిన పిల్లలూ తెలుసు. రెండోవాళ్లకు ప్లేస్‌మెంట్ల సమయంలో చాలా కష్టమైంది.

హాస్టల్ తిండి గురించి అమ్మ దిగులు పడుతోంది. బరువు తగ్గావట. సెలవుల్లో ఒకసారి రక్తపరీక్ష చేయించు, హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి. తలనొప్పులు, క్లాసులో నిద్ర అన్నావు కదా. అన్నింటికీ చదువే కారణం కానక్కర్లేదు.

నోట్‌బుక్కులు చూశాక ఏ సబ్జెక్టులో ఎక్కడ ఆగావో ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. లెక్కల వరకు ఎక్కడ మొదలుపెట్టాలో నేను చెబుతాను. డబుల్ ఇంటిగ్రల్‌లో ఆర్డర్ మార్చే లెక్కలు వీడియో కాల్‌లో కలిసి చేద్దాం. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా నాకు వీలే.

ప్రేమతో,
పెద్దమ్మ