కొత్త చించిల్లాలను తెచ్చీ తేగానే పాతదాని బోనులో వదలొద్దు

ప్రశ్న: మా దగ్గర మూడేళ్ల ఆడ చించిల్లా (ఎలుక జాతికి చెందిన, దట్టమైన బొచ్చున్న చిన్న పెంపుడు జంతువు) ఉంది. తోడుగా ఉంటాయని నాలుగు రోజుల క్రితం ఏడాదిలోపు వయసున్న రెండు ఆడవాటిని కొని అదే బోనులో వదిలాం. అప్పటి నుంచి పాతది వాటిని తరుముతోంది. వెనక కాళ్లపై నిలబడి మూత్రం చిమ్ముతోంది. కొత్తవాటిలో ఒకదానికి వీపు మీద బొచ్చు గుత్తులుగా ఊడింది. అది చర్మరోగమని అమ్మినతను నీళ్లలో కలపడానికి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ పొడి ఇచ్చాడు. మూడింటినీ ఒక రాత్రి చిన్న పెట్టెలో ఇరుకుగా ఉంచితే సర్దుకుంటాయని కూడా చెప్పాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ మందు నీళ్లు పారబోయండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండమైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే చించిల్లా పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, విషం పుట్టించే క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ప్రాణానికే ప్రమాదం. ఇప్పటికే తాగి ఉంటే పెంటికలు, మేత రోజూ గమనించండి. పారుడు మొదలైనా, పెంటికలు తగ్గినా, మేత ముట్టకపోయినా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి. జంతువును అమ్మడం వేరు, వైద్యం చేయడం వేరు. అమ్మినవాళ్లు ఇచ్చిన పొడులు వాడి, తీరా పరిస్థితి చేయిదాటాక మాకు రాయడం ఎక్కువైపోయింది.

మీరు రాసినదాన్ని బట్టి ఇది చర్మరోగం కాదు, పోట్లాట. పట్టుబడినప్పుడు, భయపడినప్పుడు చించిల్లా ఆ చోట బొచ్చు వదిలేసి తప్పించుకుంటుంది. ఊడిన చోట చర్మం నున్నగా, శుభ్రంగా ఉంటే దానికి మందు అక్కర్లేదు, కొన్ని వారాల్లో తిరిగి మొలుస్తుంది. ముక్కు, కళ్లు, చెవుల చుట్టూ పొట్టు, పక్కులు కడితే అది తామర. అది మీకూ అంటుకుంటుంది. ఒకసారి బొచ్చు పాయలు తీసి ఒళ్లంతా వేళ్లతో తడమండి. పంటిగాట్లు దట్టమైన బొచ్చు కింద కనిపించవు, కొన్ని రోజులకు చీముగడ్డలుగా బయటపడతాయి. వాపు తగిలితే డాక్టర్‌కి చూపించండి.

మూత్రం చిమ్మడం జబ్బేమీ కాదు. ‘దగ్గరికి రావద్దు’ అని ఆడ చించిల్లా చేసే హెచ్చరిక అది. దక్షిణ అమెరికాలోని అండీస్ కొండల్లో గుంపులుగా బతికే జంతువే అయినా, ఆడది మగదానికన్నా పెద్దది, దూకుడు ఎక్కువ. తన బోనులోకి కొత్తవి వస్తే ఊరుకోదు. చిన్న పెట్టెలో కుక్కే పని మాత్రం చేయకండి. పారిపోయే దారి లేక ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. పైగా అంత దట్టమైన బొచ్చుతో చెమట పట్టని జంతువు, వేడికి తట్టుకోలేదు. గది 25 డిగ్రీలు దాటకూడదు. చెవులు ఎర్రబడి, ఒగరుస్తుంటే వడదెబ్బే.

ఇవాళే మూడింటినీ విడదీయండి. నిజానికి మీరు చేసిన పెద్ద తప్పు పోట్లాట పెట్టడం కాదు, క్వారంటైన్ లేకుండా కలపడం. కొత్తవి చూడటానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా 30 రోజులు వేరే గదిలో ఉండాలి. తామర, జియార్డియా (పేగుల్లో చేరే పరాన్నజీవి) లాంటివి పైకి లక్షణాలు లేకుండా కూడా వస్తాయి. తామర కల్చర్ (బొచ్చు నమూనాలో శిలీంధ్రాన్ని పెంచి చూసే పరీక్ష) ఫలితానికే రెండు వారాలకు పైగా పట్టవచ్చు. అందుకే వారం సరిపోదంటున్నాను. రోజూ ముందు పాతదానికి మేత వేసి, తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లండి, చేతులు కడుక్కోండి. స్నానం ధూళి (నీళ్లకు బదులు చించిల్లాలు పొర్లే మెత్తటి పొడి), గిన్నెలు, గడ్డి బుట్టలు దేనివి దానికే. మొదటి వారంలోనే పెంటికల పరీక్ష చేయించండి. నాలుగు రోజులు కలిసే ఉన్నాయి కాబట్టి పాతదాని పెంటికలు కూడా పరీక్షకు ఇవ్వాలి. తూకం రోజూ ఒకే వేళకు రాసుకోండి. పదో వంతు తగ్గితే ఆగకుండా చూపించాలి.

30 రోజులయ్యాక బోనులు పక్కపక్కన పెట్టండి, మధ్యలో 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఆనిస్తే ఊచల్లోంచి కాలివేళ్లు కొరికేస్తాయి. ధూళి గిన్నెలు ఒకదానివి ఒకదానికి మార్చుతూ 10 నుంచి 14 రోజులు వాసన అలవాటు చేయండి. ఆ తర్వాత సాయంత్రం పూట, ఏ ఒక్కదానిదీ కాని కొత్త చోట 15 నిమిషాలు కలపండి, మీరు పక్కనే ఉండి. కాస్త తరమడం, ఎక్కడం, అరవడం మామూలే. బొచ్చు ఎగిరినా, ఒకటి మూలకు చేరి కదలకపోయినా, రక్తం కనిపించినా టవల్ వేసి విడదీయండి. వట్టి చేతులు పెట్టకండి. బాగా కడిగి, అమరిక మార్చిన బోనులోకే చివరికి చేర్చాలి. దాక్కునే గూళ్లకు రెండు దారులుండాలి, నీళ్ల సీసాలు, గడ్డి బుట్టలు తలా ఒకటి పెట్టాలి. కొన్ని ఆడవి ఎప్పటికీ కలవవు. అప్పుడు పక్కపక్క బోనులే శాశ్వతం.

ఇంకొక్కటి. ఆ రెండూ ఆడవేనని మీకు చెప్పింది కూడా అమ్మినతనే కదా? ఆడదానికి మూత్రద్వారం దగ్గర ఉండే బొడిపెను చూసి చాలామంది పొరబడతారు. బొడిపె కాదు, దానికీ మలద్వారానికీ మధ్య ఎడం చూడాలి. మగదానికి స్పష్టమైన ఖాళీ ఉంటుంది, ఆడదానికి దాదాపు ఉండదు. డాక్టర్ దగ్గర మూడింటికీ ఇది తేల్చుకోండి. ఒక్కటి మగదైనా, కలిపిన రోజుల నుంచి 111 రోజులు లెక్కగట్టి కేలండర్‌లో గుర్తు పెట్టుకోండి, ఈనే సమయం అదే. ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది కాబట్టి మగదాన్ని ఎప్పటికీ వేరుగానే ఉంచాలి.