రాబందులు లేకపోతే మనుషులకు వచ్చే నష్టమేంటి? మా ఊరి మెట్ట మీద చూసింది చెబుతాను

"పక్షుల్నీ జంతువుల్నీ కాపాడటానికి పెట్టే డబ్బేదో ఆసుపత్రులకే పెట్టొచ్చు కదా" అని మీరు అడిగారు. ఆ రెంటినీ విడదీసి చూడటం నావల్ల కాదు.

మాది విశాఖ దగ్గర ఆనందపురం వైపు పల్లె. నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్. నా చిన్నప్పుడు ఆవో గేదో చస్తే ఊరి బయట మెట్ట మీద పడేసేవారు. ఎక్కడినుంచి వచ్చేవో గానీ కాసేపటికే ఆకాశంలో రాబందులు తిరిగేవి. సాయంత్రం మేం మేకల్ని తోలుకొచ్చేసరికి ఎముకలే మిగిలేవి, వాసన కూడా ఉండేది కాదు. నేను పదో తరగతికి వచ్చేసరికి, అంటే 1998 ప్రాంతంలో, అవి రావడం మానేశాయి. కళేబరాలు రోజుల తరబడి కుళ్లేవి. కుక్కలు గుంపులుగా చేరేవి.

2001లో ఆ మెట్ట దారిలోనే మా తమ్ముడి పిక్క పట్టుకుంది ఒక కుక్క. అప్పటికింకా బొడ్డు చుట్టూ వేసే పాత ఇంజెక్షన్లే. అమ్మ రోజూ వాణ్ని బస్సెక్కించి విశాఖ తీసుకెళ్లేది. మద్దిలపాలెం రాగానే వాడు ఏడుపు మొదలెట్టేవాడు. ఆ రోజుల్లో అమ్మ పడిన టెన్షన్ నేనింకా మర్చిపోలేదు.

రాబందులు ఎందుకు చచ్చిపోయాయో 2004లో తేలింది. పాకిస్తాన్‌లో లిండ్సే ఓక్స్ అనే శాస్త్రవేత్త బృందం చచ్చిన రాబందుల్ని కోసి చూసి, కారణం డైక్లోఫెనాక్ అని చెప్పింది. పశువులకు నొప్పికి, జ్వరానికి వేసే మందు అది. మందు వేసిన కొద్ది రోజులకే ఆ పశువు చస్తే, దాని మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పాడైపోతాయి. యూరిక్ యాసిడ్ లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు పేరుకుంటుంది. అలాంటి కళేబరాలు వందకు ఒకటి కూడా అక్కర్లేదు, అంతకన్నా తక్కువున్నా జాతి పడిపోవడానికి చాలు. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపు 99.9 శాతం పోయాయి.

మీ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చిన పరిశోధన. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, ఒకప్పుడు రాబందులకు అనువుగా ఉన్న జిల్లాల్నీ లేని జిల్లాల్నీ పోల్చి చూశారు. రాబందులు పోయాక మొదటి రకం జిల్లాల్లో మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగింది. 2000-2005 మధ్య దేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. కుక్కలు పెరిగాయి, రేబిస్ టీకాల అమ్మకాలు పెరిగాయి, నీళ్లు చెడ్డాయి. మా తమ్ముణ్ని కరిచిన కుక్క రాబందులు లేకపోవడం వల్లే అక్కడికొచ్చిందని నేను రుజువు చేయలేను. కానీ ఆ లెక్కలు చదువుతుంటే మా మెట్టే కళ్ల ముందు కదిలింది.

ఇదంతా నాన్నకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఈనలేక అల్లాడే ఆవుకి నొప్పి తగ్గాలనే కదరా వేశాం" అన్నారు. ఆయన తప్పేమీ లేదు, అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలీదు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకూడదని 2006లో నిషేధించారు. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో వాటినీ ఆపి, 3 మిల్లీలీటర్ల చిన్నవే ఉంచారు. రాబందులకు హాని చేసే మరో రెండు నొప్పి మందులు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో పశువులకు నిషేధించారు. బదులుగా మెలాక్సికామ్ ఉంది, రాబందులకు హాని చేయదు. మీ ఇంట్లో పశువులుంటే డాక్టరుగారిని అదే రాయమని అడగండి. కుక్క కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లండి.

మా ఊళ్లో ఇప్పుడు ఎవరి గేదెకి జబ్బు చేసినా నాన్న వెళ్లి, ముందు మందు సీసా చేతిలోకి తీసుకుని పేరు చదువుతారు.