ముందు ఖాతా పుస్తకం తెరవమనండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. మావారు మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నారు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ వైరస్ రోగంతో పోయాయి. నా నగలు బ్యాంకులో ఉన్నాయి. ఇప్పుడు రాజోలు దగ్గర మా నాన్నగారు నా పేరున రాసిన 30 సెంట్ల కొబ్బరితోట తాకట్టుకు సంతకం పెట్టమంటున్నారు. అప్పులెంత అని అడిగితే "దేవుడు చూసుకుంటాడు, నీకే విశ్వాసం లేదు" అంటారు. అత్తయ్యగారిదీ అదే మాట. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. నా విశ్వాసం బలపడాలంటే ఎన్ని రోజులు ఉపవాస ప్రార్థన చేయాలి?

జవాబు: అమ్మా, ఉపవాసం మీ ఇష్టం. ఒక పూట ఉన్నా చాలు, ఉండకపోయినా దేవుడు మీ మీద అలగడు. అత్తయ్యగారి మాటా వదిలేయండి, కొడుకు అన్నదే ఆవిడా అంటోంది. తేలాల్సింది మీకూ మీ ఆయనకూ మధ్య. ఇల్లాలి దగ్గర అప్పు దాచి, ఆ దాపరికానికి ఆయన దేవుడి పేరు అడ్డం పెట్టుకుంటున్నారు. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఇదే.

"రేపటినిగూర్చి చింతింపకుడి" అన్న ప్రభువే, గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అనీ అడిగాడు. అప్పులవాడు పిల్లల్ని పట్టుకుపోతాడని ఏడ్చిన విధవరాలిని ఎలీషా ప్రవక్త "నీ ఇంట్లో ఏముంది?" అని అడిగాడు. ఆమెకున్న కొద్దిపాటి నూనెతోనే పాత్రలన్నీ అద్భుతంగా నిండాక కూడా ఆయన చెప్పింది, అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అని. 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథశాల తెరిచిన జార్జ్ ముల్లర్, ఏ మనిషినీ డబ్బు అడగకుండా ప్రార్థన మీదే దాన్ని నడిపాడని మన సంఘాల్లో చెప్పుకుంటాం. ఆయన ఏటేటా జమాఖర్చులు అచ్చువేయించి అందరి ముందూ పెట్టేవాడు. అదీ చెప్పుకోవాలి.

ఈ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి భోజనాలయ్యాక ఇద్దరూ ప్రార్థన చేసుకుని కూర్చోండి. ఎవరికి ఎంత అసలు, ఏం వడ్డీ, ఎప్పటికి కట్టాలి, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. మేత షాపు బాకీ నోటిలెక్కగా ఒప్పుకోవద్దు. ఖాతా రాయించి తెచ్చి బిల్లులతో సరిచూడండి, అరువు మేతకు ధర ఎంత ఎక్కువ వేశారో అప్పుడే బయటపడుతుంది. లీజు, కరెంటు, ఏరియేటర్ల డీజిలు, డ్వాక్రా వాయిదా, ఏదీ వదలొద్దు. కొబ్బరి దింపు డబ్బు ఎటు పోతోందో కూడా రాయండి. ఉదాహరణకు, బయట నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు లక్షలకు నెలకు 6,000, ఏడాదికి 72,000 అవుతుంది. బ్యాంకు బంగారం వడ్డీ అందులో సగం కూడా ఉండదు. కాబట్టి చేతికొచ్చిన డబ్బు ముందు ఆ బయటి అప్పుకే వెళ్లాలి. నగల గడువు తేదీ మాత్రం దాటనివ్వకండి, దాటితే వేలం నోటీసు వస్తుంది.

చెరువు గురించీ అడగండి. రోగం పడ్డాక అడుగు ఎండి బీటలు వారేదాకా ఆగారా? నీళ్లను బ్లీచింగ్‌తో శుద్ధి చేశారా, లేక అలాగే కాలువలోకి వదిలేశారా? పీతలు వైరస్‌ను మోసుకొస్తాయి, గట్టు చుట్టూ వల కట్టారా? రొయ్యపిల్లలో వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష చేయించారా? ఇవన్నీ మానేసి గట్టు మీద ప్రార్థన పెట్టించి రొయ్యపిల్ల వదిలితే, అది "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్న మాటకు ఎదురెళ్లడమే.

ఈ లెక్క తేలేదాకా సంతకం పెట్టకండి. ఖాళీ ప్రామిసరీ నోటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అయితే ఎప్పటికీ వద్దు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తోటకు ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీయించి, దాని మీద ఇప్పటికే ఏమైనా ఎక్కిందేమో చూసుకోండి. భార్య లోబడాలి కదా అని ఆయన ఎఫెసీ పత్రిక తీస్తే, అదే అధ్యాయంలో భర్త భార్య కోసం తన్ను తాను అప్పగించుకోవాలని రాసి ఉంది, అదీ చదివించండి.

ఆయన పుస్తకం చూపనంటే మత్తయి 18లో చెప్పిన వరసే పాటించండి. ముందు ఒంటరిగా మాట్లాడండి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకోండి. చెరువుల లెక్క తెలిసిన సంఘ పెద్ద ఒకరైతే మేలు. తోట పాసుపుస్తకం ఈలోగా మీ పుట్టింట్లో ఉండనివ్వండి.